బాంబే గ్రూపా, పారా-బాంబేనా? ఎల్యూట్ రియాక్షన్ నమ్మొచ్చా?

బాంబే అంటే ఎర్రకణాలపై హెచ్ యాంటిజెన్ అసలే లేని అరుదైన రక్తం; పారా-బాంబేలో కణాలపైనో, ఉమ్మిలోనో అది కొద్దిగా ఉంటుంది. ఒక శాంపిల్ యాంటీ-ఎ, యాంటీ-బి, యాంటీ-హెచ్ లెక్టిన్ (హెచ్‌ను పట్టే మొక్క ప్రోటీన్) మూడింటితోనూ నెగటివ్. రివర్స్‌లో (శాంపిల్ సీరమ్‌ను తెలిసిన కణాలతో కలిపితే) ఎ, బి కణాలతోపాటు ఓ కణాలూ 4+, అంటే బాగా గట్టి రియాక్షన్. ఆటో కంట్రోల్ (సొంత సీరమ్‌తో సొంత కణాలు) నెగటివ్. ఆ సీరమ్‌లోని యాంటీ-హెచ్ 37 డిగ్రీల దగ్గరా పనిచేస్తోంది కాబట్టి మామూలు ఓ రక్తం ఎక్కించే ప్రశ్నే లేదు, అది ప్రాణాంతకం.

చిక్కంతా అడ్సార్ప్షన్-ఎల్యూషన్ (కణాలకు యాంటీబాడీని పట్టించి, మళ్లీ విడదీసి చూడడం) దగ్గరే. కణాలను మోనోక్లోనల్ (ఒకే రకం యాంటీబాడీ ఉన్న) యాంటీ-బితో 4 డిగ్రీల్లో గంట ఉంచి, చల్లటి సెలైన్‌తో ఆరుసార్లు కడిగి, 56 డిగ్రీల్లో 10 నిమిషాలు వేడిచేశాం. ఎల్యూట్ (అలా విడిపడిన ద్రవం) బి కణాలతో 1+ ఇచ్చింది, అంటే కణాలపై కొద్దిగా బి ఉందేమో, పారా-బాంబేనేమో. కానీ చివరిసారి కడిగిన సెలైన్ కూడా మసకగా పాజిటివే! కడగడం చాలక మిగిలిన యాంటీ-బి అయ్యుండొచ్చు.

ఉమ్మిని 10 నిమిషాలు మరిగించి చేసిన ఇన్హిబిషన్ పరీక్షలో హెచ్ పదార్థం లేదు. సెక్రెటర్ కాని (ఉమ్మిలోకి హెచ్ విడుదల కాని) పారా-బాంబేలోనూ ఇంతేగా, అందుకే దీంతో తేలలేదు.

దీనికి పాలీక్లోనల్ (పలు రకాల యాంటీబాడీల మిశ్రమమైన) యాంటీ-బి మేలా? తెలిసిన ఓ కణాలను సమాంతర కంట్రోల్‌గా పెడితే సరిపోతుందా? లేక నేరుగా హెచ్ తయారీకి కారణమైన ఎఫ్‌యూటీ1, ఎఫ్‌యూటీ2 జన్యువుల సీక్వెన్సింగ్‌కు పంపడమే మంచిదా? రిఫరెన్స్ ల్యాబ్ అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.