ఎర్రచందనం విత్తనాలు మొలవడం లేదు, ఎవురన్నా చెప్పండి ప్లీజ్

వేపనీడ: అన్నా, చంద్రగిరి దగ్గర మా ఊర్లో ఎనిమిది, తొమ్మిది క్లాసు పిల్లోళ్ళతో నర్సరీ పెట్టినాము, 200 కవర్లలో ఎర్రచందనం వేస్తే 45 రోజులైనా ఒక్కటంటే ఒక్కటి రాలేదు. పొద్దున్నించి వీడియోలు చూసి చూసి తల పగిలిపోతా ఉంది. నీళ్ళు రెండు పూటలా పోస్తానే ఉండారు, ఒకడైతే రోజూ వేలితో మట్టి గెలికి చూసి మళ్ళా కప్పెట్టి పోతాడు. వానలకి చెరువు కట్ట కింద నాటాలని ప్లాను. ఏం తప్పు చేసినాము?

పచ్చజెండా: ముందు ఆ ప్లాస్టిక్ కవర్లు మానండి సార్. పర్యావరణం నేర్పిస్తా 200 కవర్లు మట్టిపాలు చేస్తారా? మేము కొబ్బరి చిప్పల్లో, కడిగిన పాల ప్యాకెట్లలో పెంచుతాం.

కొండదారి: పాల ప్యాకెట్లు దేంతో చేస్తారో?
వేపనీడా, కాయ కాయే పూడ్చినారా?

వేపనీడ: అవును, బిళ్ళ మాదిరి చుట్టూ రెక్క ఉంటాదే, అదే కదా విత్తనం?

రామచిలక: చందనం ఒంటరిగా బతకదండీ, పక్కన కంది వెయ్యాల, దాని వేర్లనించి తీసుకుంటాది.

కొండదారి: అది శ్రీగంధం.

రామచిలక: రెండూ చందనమే కదా. మరి రక్తచందనం?

కొండదారి: రక్తచందనం, ఎర్రచందనం ఒకటే. అరగదీస్తే వాసనొచ్చేది శ్రీగంధం, దానికే కంది కావాల. ఇది చిక్కుడు జాతి, దీనికి అట్లాంటి తోడు అక్కర్లా. వేపనీడా, రెక్క కత్తిరించి, కాయని పేడనీళ్ళలో మూడు దినాలు నానబెట్టి, ఇసక కలిపిన ఎర్రమట్టి మడిలో పైపైన చల్లు. పది పదిహేను రోజులకి మొదలైతాది, అన్నీ ఒకేసారి రావు, కొన్ని కాయల్లో గింజే ఉండదు. రెండాకులు వేసినాక కవర్లోకి మార్చు. ఇంకోటి, ఇది శేషాచలం రాళ్ళల్లో పెరిగే చెట్టు, నీళ్ళు నిలిస్తే వేరు కుళ్ళిపోతాది. కట్ట కింద కానుగ, నేరేడు పెట్టుకోండి, దీన్ని గుట్ట వాలులో పెట్టండి.

తొండవాడ: రేపు నరకాలంటే ఫారెస్టోళ్ళ పర్మిషన్ కావాల, చూసుకోండి.

కొండదారి: నరకడానికా పిల్లోళ్ళు నాటేది?

వేపనీడ: కవర్లోది చెరువు మట్టే అన్నా, అది చెప్పడం మర్చిపోయినా. మిగిలిన కాయలు 12 కోసి చూసినాము, అయిదింట్లో ఏమీ లేదు. గెలికే పిల్లోడే పేడ తెస్తానన్నాడు. థ్యాంక్సన్నా.

పచ్చజెండా: కవర్ల సంగతి మాత్రం ఎవురూ తేల్చలా.