బవేరియా పల్లెటూళ్లో చూడ్డానికి ఏముంటుంది? ఊరి చరిత్ర ఎక్కడ దొరుకుతుంది?

నాగావళి ఒడ్డు (ఆమదాలవలస):

అందరికీ నమస్కారం. మా అమ్మాయి, అల్లుడు జర్మనీలో బవేరియా రాష్ట్రంలో ఉంటున్నారు. మ్యూనిక్‌లో కాదు, పస్సావ్ దగ్గర ఒక చిన్న పల్లెటూరు, ఆస్ట్రియా సరిహద్దు దగ్గర్లోనే. ఈ వేసవికి మా ఇద్దర్నీ రమ్మంటున్నారు, వీసాలు కూడా వచ్చేశాయి. యూట్యూబ్‌లో బవేరియా అని కొడితే నోయ్‌ష్వాన్‌స్టైన్ కోట, మ్యూనిక్ బీరు పండగ తప్ప ఇంకేం రావట్లేదు. కోట చూస్తాం, కానీ ఎక్కువ కాలం మేముండేది ఆ ఊళ్లోనే కదా, నాకు తెలియాల్సింది ఆ ఊరి సంగతి. రెవెన్యూలో పనిచేసి రిటైరైన మనిషిని, ఏ ఊరెళ్లినా పొలిమేర ఎక్కడ, చెరువు ఎవరు తవ్వించారు, కోవెల ఎప్పటిది అని అడక్కుండా ఉండలేను.

అమ్మాయి పంపిన ఫొటోల్లో ఉల్లిపాయ ఆకారం గోపురంతో ఒక చర్చి ఉంది, దాని చుట్టూ సమాధులు. ఊరి మధ్యలో నీలం తెలుపు చారలతో చాలా పొడుగాటి స్తంభం, దానికి అటూ ఇటూ చిన్న చిన్న బొమ్మలు. పొలం మలుపులో ఒక శిలువ. రోడ్డు పక్కన పేర్లు రాసిన చెక్క పలకలు వరసగా నిలబెట్టి ఉన్నాయి, అవేంటో అమ్మాయికీ తెలీదంట. వీటిలో ఏవి పాతవి, ఏవి కొత్తవి? ఊరి రికార్డు చూడాలంటే ఎవర్ని అడగాలి? అక్కడ ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త వివరంగా చెప్పండి.

పాలకొండ కుర్రాడు (ప్రస్తుతం రేగెన్స్‌బుర్గ్):

బాబాయ్‌గారూ, మీరు అడిగింది చూసి చాలా సంతోషం వేసింది, ఇక్కడికొచ్చే మనవాళ్లలో ఊరి గురించి అడిగేవాళ్లు తక్కువ.

చర్చి దగ్గర మొదలుపెట్టండి. ఆ ఉల్లిపాయ గోపురాలకు బవేరియాలో దారి చూపించింది మ్యూనిక్‌లోని పెద్ద చర్చి ఫ్రావెన్‌కిర్హె, దాని జంట గోపురాల మీద 1525లో ఆ టోపీలు పెట్టారు. పల్లెటూళ్లకు అవి చేరింది చాలావరకు వందేళ్లు దాటాకే. మధ్యలో జరిగింది మామూలు విషయం కాదు. 1618 నుంచి 1648 దాకా ముప్పై ఏళ్ల యుద్ధం, 1632లో స్వీడన్ సైన్యం బవేరియా మీద పడి ఊళ్లకు ఊళ్లు దోచుకుని తగలబెట్టింది, వెనకాలే 1634లో ప్లేగు. కోలుకోవడానికి రెండు మూడు తరాలు పట్టింది. చేతిలో డబ్బులాడాక చాలా ఊళ్లు పాత గోడలు అలాగే ఉంచి పైన కొత్త గోపురం, లోపల బంగారు పూత పూసిన బరోక్ (అప్పటి ఆడంబరమైన శైలి) పీఠం కట్టుకున్నాయి. కాబట్టి మీరు గోపురం మొదట్లో నిలబడి చూడండి. కింద రాయి మందంగా, కిటికీలు సన్నగా ఉండి, పైన అంతా సుద్దలా నున్నగా ఉంటే కింది భాగం పైదానికంటే కొన్ని వందల ఏళ్లు పాతదై ఉండొచ్చు.

గంటల మీద ఏ సంవత్సరం ఉందో కూడా అడగండి. రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ ఫిరంగులకీ తూటాలకీ లోహం కావాలని గుళ్లలోంచి గంటలు దించి పట్టుకుపోయారు. రెండోసారి సాధారణంగా ఒక్కో చర్చికి ఒక్క చిన్న గంట మాత్రం వదిలారు. అందుకే చాలా ఊళ్లలో ఒక గంట పాతది, మిగతావన్నీ యుద్ధం అయ్యాక పోతపోసినవి.

ఆ చెక్క పలకలు మీ వైపు, అంటే బవేరియన్ అడవి ప్రాంతంలో ఎక్కువ. టోటెన్‌బ్రెట్ అంటారు. పూర్వం మనిషి చనిపోతే పాతిపెట్టే దాకా శవాన్ని ఒక పలక మీద పడుకోబెట్టేవారు, తర్వాత ఆ పలక మీదే పేరు, తేదీ, రెండు లైన్ల ప్రార్థన చెక్కి దారి పక్కన నిలబెట్టేవారు, దారినపోయేవాళ్లు చూసి దణ్ణం పెట్టుకుంటారని. ఇప్పటివి చాలావరకు జ్ఞాపకార్థం కొత్తగా చేయించినవే, శవాన్ని పెట్టినవి కావు. అయినా దగ్గరికెళ్లి చదవండి. పొలం మలుపులో శిలువకు కూడా ఏదో ఒక కథ ఉంటుంది, బండి తిరగబడి ఎవరో పోయారనో, పిడుగు తప్పిందనో, మొక్కు తీర్చుకున్నారనో. కొన్నింటి మీద ఆ ప్రమాదం బొమ్మే గీసి ఉంటుంది.

చర్చి గోడకి గానీ ఎదురుగా గానీ యుద్ధంలో పోయినవాళ్ల పేర్ల రాయి ఉంటుంది, 1914–1918 ఒక వరస, 1939–1945 ఒక వరస. ఒకే ఇంటిపేరు రెండు మూడుసార్లు కనబడితే చాలావరకు అన్నదమ్ములో దగ్గరి చుట్టాలో. అంత చిన్న ఊరికి అన్ని పేర్లేంటి అనిపిస్తుంది. ఆ రాయి ముందు కాసేపు ఆగండి.

చీపురుపల్లి అమ్మాయి (ఎగువ బవేరియా):

అంకుల్, ఆ స్తంభం పేరు మైబామ్. మే 1న నిలబెడతారు, మీరు ఏప్రిల్ ఆఖరికల్లా వచ్చేస్తే కళ్లారా చూడొచ్చు, దయచేసి టికెట్లు అలా చూసుకోండి! మనకి పైడితల్లమ్మ సిరిమాను కోసం చెట్టు తెచ్చే రోజు ఊరంతా ఎలా కదులుతుందో ఇక్కడ ఈ చెట్టుకీ అంతే హడావిడి, కాకపోతే ఇందులో మొక్కు, పూజ లాంటివి లేవు, ఊరి పండగ.

అడవిలోంచి నిటారుగా ఉన్న స్ప్రూస్ చెట్టు కొట్టి తెచ్చి, బెరడు తీసి, నీలం తెలుపు రంగులేస్తారు. అవి బవేరియా రంగులు. అటూ ఇటూ ఉన్న బొమ్మలు ఊళ్లో వృత్తులవి: కమ్మరి, రొట్టెల బట్టీ, వడ్రంగి, రైతు, అగ్నిమాపక దళం. క్రేన్ వాడే ఊళ్లూ ఉన్నాయి గానీ మా ఊళ్లో చేత్తోనే లేపుతారు. పొడుగాటి కర్రల్ని జంటలుగా పైచివర తాడుతో కట్టి, ఆ కత్తెర మధ్యలో మానుని ఆనించి, ఒకాయన కేక వేస్తే అందరూ ఒక్క తోపు తోసి ఆపుతారు, మళ్లీ కిందకి జరిగి కర్రలు మార్చుకుని ఇంకో తోపు. గంటల తరబడి సాగుతుంది, పక్కన బ్యాండు వాయిస్తూనే ఉంటుంది.

ఇంకోటి, నిలబెట్టే ముందు రాత్రుళ్లు ఆ మానుకి కాపలా కాస్తారు. పక్క ఊరి కుర్రాళ్లు ఎత్తుకుపోతే బీరు, భోజనం పెట్టి విడిపించుకోవాలి, అది ఇక్కడి ఆచారం, పోలీసు కేసు అవ్వదు. మా వైపు ఒకసారి నిలబెట్టిన మాను కొన్నేళ్లు ఉంటుంది, పాడైపోక ముందే దించి కొత్తది పెడతారు. కాబట్టి మీకు కనబడే స్తంభం పాతది కాదు, ఆచారం పాతది.

నరసన్నపేట మాస్టారు:

పై ఇద్దరూ చక్కగా చెప్పారు. నేనొక్క మాట చేరుస్తాను. ఆ ఊరి బోర్డు మీద గానీ పుస్తకంలో గానీ ఊరికి పన్నెండు వందల ఏళ్లు అని రాసి ఉంటే, ఆ ఏడాదిలో ఊరు పుట్టిందని అనుకోకండి. ఆ ఏడాది ఊరి పేరు మొదటిసారి కాగితానికి ఎక్కిందని అర్థం, ఊరు అంతకంటే పాతది. బవేరియాలో ఈ మొదటి ప్రస్తావనలు చాలావరకు దానపత్రాలు. ఎవరో భూస్వామి తన ఆత్మశాంతి కోసం ఫలానా ఊళ్లో భూమిని చర్చికి రాసిచ్చాడు, సాక్షులు వీరు, అంతే. 824లో ఫ్రైజింగ్ బిషప్ హిట్టో చెప్పగా కొజ్‌రోహ్ అనే మతగురువు అలాంటి పత్రాలన్నీ ఒక పుస్తకంలోకి ఎక్కించడం మొదలుపెట్టాడు, ఆ పుస్తకం ఇప్పటికీ మ్యూనిక్‌లో ప్రభుత్వ ఆర్కైవ్స్‌లో భద్రంగా ఉంది. మీరు వెళ్లే పస్సావ్ బిషప్‌లకీ అలాంటి దానపత్రాల సంపుటి ఉంది.

ఇది మనకు కొత్తేం కాదు. అదే కాలంలో ఇక్కడ తూర్పు గాంగులు కళింగనగరం నుంచి రాగిరేకుల మీద ఊళ్లు దానం ఇస్తున్నారు, పొలిమేరకి ఏ చెట్టు, ఏ పుట్ట, ఏ గట్టు గుర్తో రాయిస్తున్నారు. ఆ కళింగనగరం మన ముఖలింగమేనని వాదించి చూపినవారు గిడుగు రామమూర్తి గారు. శ్రీకూర్మం స్తంభాల మీద అఖండ దీపానికి ఇచ్చిన దానాల్లో ఎన్ని ఊళ్ల పేర్లున్నాయో మీకు తెలుసు. తేడా ఎక్కడంటే, వాళ్ల ఊళ్లో మామూలు రైతు కూడా ఆ మొదటి పత్రం ఏ ఏడాదిదో చెప్పగలడు, పండగ చేసుకుంటాడు. మన దగ్గర శాసనంలో పేరున్న ఊళ్లోనే ఆ సంగతి తెలిసినవాళ్లు ఉండరు. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం, అందుకే పిల్లలకి క్లాసులో ముందు వాళ్ల ఊరి పేరు ఎక్కడుందో చూపిస్తాను.

నాగావళి ఒడ్డు (ఆమదాలవలస):

మాస్టారూ, బాబూ, అమ్మా, ముగ్గురికీ ధన్యవాదాలు. టికెట్లు మే 1కి ముందే ఉండేలా అల్లుడికి చెప్పాను. ఒక్కటి మిగిలింది. మనకి ఎఫ్‌ఎంబీ (పొలాల కొలతల పుస్తకం), ఆడంగల్ (సాగు లెక్కల రికార్డు) ఉన్నట్టు అక్కడ పాత సర్వే పటం మామూలు మనిషి చూడ్డానికి దొరుకుతుందా?

పాలకొండ కుర్రాడు (ప్రస్తుతం రేగెన్స్‌బుర్గ్):

దొరుకుతుంది బాబాయ్‌గారూ, ఇంట్లో కూర్చుని ఫోన్‌లోనే, ఉచితంగా. బవేరియా 1806లో రాజ్యం అయ్యింది, భూమిశిస్తు అందరికీ ఒకే లెక్కన వెయ్యాలని 1808లో మొత్తం రాష్ట్రం సర్వే మొదలుపెట్టారు. ప్లేన్ టేబుల్ (పొలంలోనే పటం గీసే సర్వే బల్ల) పట్టుకుని ఊరూరూ తిరిగి 1 : 5,000 స్కేలులో ప్రతి ఇల్లు, ప్రతి కమతం గీశారు, పూర్తయ్యేసరికి 1860లు వచ్చేశాయి. ఆ పటాల్ని అచ్చు వెయ్యడానికి జోల్న్‌హోఫెన్ సున్నపురాయి పలకల మీద చెక్కారు, దాదాపు 26 వేల రాళ్లు మ్యూనిక్‌లో ఇంకా దాచి ఉంచారు. బయర్న్‌అట్లాస్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఊరి పేరు కొట్టి, పాత పటం పొర ఆన్ చేస్తే ఇవాళ్టి మ్యాపు మీద అప్పటి ఊరు కనబడుతుంది. అమ్మాయి ఉండే వీధి అప్పుడు పొలమో, గెడ్డ ఒడ్డో, ఎవరి పెరడో తెలిసిపోతుంది. మీ చేతికి అది దొరికితే మీరు వారం రోజులు ఇంకేం చూడరు.

అదే సైట్‌లో రక్షిత కట్టడాల పొర ఇంకోటి ఉంది. 1973లో స్మారకాల రక్షణ చట్టం వచ్చాక ఊరూరికీ జాబితా తయారుచేశారు, మీ చర్చి, శిలువ, పాత ఇల్లు అందులో ఉంటే ఏ కాలంవో ఒక లైన్ రాసి ఉంటుంది. మీ వైపు నాలుగు పక్కలా కొట్టాలు, ఇల్లు, మధ్యలో వాకిలి ఉండే పాత రైతు ఇళ్లు ఇంకా కనబడతాయి, వాటిని వదలొద్దు. వాళ్ల ఇళ్లకు పాత పేర్లుంటాయి, యజమానులు ఎన్నిసార్లు మారినా ఊళ్లో కమ్మరి ఇల్లు అంటే కమ్మరి ఇల్లే.

పంచాయతీ ఆఫీసు కోసం వెతక్కండి, ఆ ఊళ్లో ఉండకపోవచ్చు. 1972 నుంచి 1978 మధ్య చిన్న పంచాయతీలన్నీ కలిపేశారు, 7 వేల దాకా ఉన్నవి 2 వేలకు వచ్చాయి. ఆఫీసు పోయినా అగ్నిమాపక దళం మాత్రం ఏ ఊరిది ఆ ఊరికే ఉంటుంది, అందరూ స్వచ్ఛందంగా చేసేవాళ్లే. వాళ్లు వందేళ్లకో నూట పాతికేళ్లకో ఉత్సవం చేసినప్పుడు ఒక పుస్తకం వేస్తారు, పాత ఫొటోలు, మంటల్లో కాలిన ఇళ్లు, ఊరి చరిత్ర అందులో ఉంటాయి. ఊళ్లో ఎవరింట్లో అయినా ఒక కాపీ ఉంటుంది, అడిగితే ఆనందంగా తీసి చూపిస్తారు. పుట్టుక, పెళ్లి, చావు రికార్డులు కావాలంటే పస్సావ్ బిషప్ పరిధిలోని చర్చిల పాత రిజిస్టర్లు మట్రికుల అనే సైట్‌లో స్కాన్ చేసి పెట్టారు.

సమాధుల మీద బొహీమియా (ఇప్పటి చెక్ దేశంలోది) వైపు ఊళ్లు పుట్టిన చోటుగా కనబడితే, వాళ్లు చాలావరకు 1945 తర్వాత అక్కణ్ణుంచి వెళ్లగొట్టబడి వచ్చినవాళ్లు. అప్పట్లో బవేరియాకి అలా 20 లక్షలకు దగ్గరగా జనం వచ్చారు, చాలామందిని ముందు పల్లెటూళ్లలోనే రైతుల ఇళ్లలో ఒక్కో గదిలో సర్దారు. వాళ్ల పిల్లలు ఇప్పుడు ఊళ్లో పెద్దవాళ్లు, మాట కలిపితే చెబుతారు.

చీపురుపల్లి అమ్మాయి (ఎగువ బవేరియా):

అంకుల్, ఆ పాత రిజిస్టర్లు, సమాధి రాళ్ల మీది అక్షరాలు ఫోన్ ట్రాన్స్‌లేటర్‌కి సరిగా అందవు, పాత జర్మన్ లిపి. పక్కింటి పెద్దావిడ ఎవరైనా ఉంటే చదివిపెట్టమనండి. దారిలో ఎవరు ఎదురైనా ముందు మీరే 'గ్రూస్ గాట్' అనండి, ఊళ్లో అలాగే పలకరించుకుంటారు. చర్చి తలుపు మూసి ఉంటే తాళం ఎవరి దగ్గరుంటుందో వాళ్లే చెబుతారు.