ఇసుక ఫిల్టర్ మోడల్: ఔట్‌లెట్ గాఢత, హెడ్ లాస్ రెండూ కొలతలతో కలవడం లేదు

పొరలెక్క (ప్రశ్న)

ఇసుక రేణువు 0.6 మి.మీ., పోరాసిటీ (ఖాళీ రంధ్రాల వాటా) 0.40, పొర లోతు 60 సెం.మీ., వేగం గంటకు 5 మీటర్లు, నీరు 20 డిగ్రీలు. లోపలికి వెళ్లేవి 1 మైక్రాన్ లేటెక్స్ కణాలు, లీటరుకు 20 మి.గ్రా. కణాల మధ్య వికర్షణ పోయేలా ఉప్పు కలిపాం.

ఇవాసాకి సమీకరణం (లోతుతో గాఢత ఎంత వేగంగా తగ్గుతుందో చెప్పేది), ద్రవ్య సమతుల్యత కలిపి అప్‌విండ్ పద్ధతిలో (నీరు వచ్చే వైపు గడి విలువ వాడేది) సాధిస్తున్నాను. గడి 5 మి.మీ., కాలం మెట్టు 5 సెకన్లు. గాఢతలు మైనస్‌లోకి పోతున్నాయి. మెట్టు బాగా తగ్గిస్తే సర్దుకుంటోంది కానీ ఔట్‌లెట్ నిష్పత్తి (బయటికి వచ్చే గాఢత ÷ లోపలికి వెళ్లే గాఢత) 0.56 దగ్గర గీత గీసినట్టు ఉండిపోతోంది. కొలతలేమో 15 నిమిషాలకు 0.60, 2 గంటలకు 0.25, 5 గంటలు దాటాక మళ్లీ పెరుగుదల. 6 గంటల్లో హెడ్ లాస్ (పొర దాటడంలో నీరు కోల్పోయే పీడనం) 24 నుంచి 41 సెం.మీ.కి చేరింది, మోడల్‌లో దాదాపు కదలడమే లేదు. ముందు ఏది సరిచేయాలి?

రేణువు (సమాధానం)

మీ 0.56 సరైనదే. టుఫెంక్జీ–ఎలిమెలెక్ 2004 సూత్రంతో వేస్తే వ్యాపనం వల్ల 4.5×10⁻⁴, తాకిడి వల్ల 1.9×10⁻⁴, గురుత్వం వల్ల దాదాపు ఏమీ లేదు. మొత్తం ఈటా (రేణువు వైపు వచ్చే కణాల్లో దాన్ని తాకే వాటా) 6.5×10⁻⁴. లామ్డా (లోతుతో గాఢత తగ్గే రేటు) = 1.5 × (1 − పోరాసిటీ) × ఆల్ఫా × ఈటా ÷ రేణువు వ్యాసం. ఆల్ఫా (తాకిన కణం అంటుకునే సంభావ్యత) 1 పెడితే మీటరుకు 0.97, 60 సెం.మీ.కి 0.56. యావ్ బృందం 1971 సూత్రం వాడి ఉంటే 0.78 వచ్చేది, ఎందుకంటే అందులో పక్క రేణువుల ప్రభావం లేదు.

ఇప్పుడు వెనక్కి లెక్కించండి. 0.60 కి ఆల్ఫా 0.87, నమ్మదగ్గదే. 0.25 కి 2.4 కావాలి. అంటుకునే సంభావ్యత ఒకటి దాటదు కదా! అంటే అప్పటికి కణాలను పట్టేది ఇసుక ఒక్కటే కాదు, ముందే అంటుకున్న కణాలు కూడా. ఇదే రైపెనింగ్. లామ్డాను స్థిరాంకంగా ఉంచినంతకాలం ఏ సాల్వర్ పెట్టినా ఆ వంపు రాదు. మొదటి ప్రయత్నంగా లామ్డా = లామ్డా₀ × (1 + బి × సిగ్మా) × (1 − సిగ్మా ÷ సిగ్మా గరిష్ఠం) చాలు. ఇందులో లామ్డా₀ శుభ్రమైన ఇసుకది, సిగ్మా పొరలో నిలిచిన కణాల పరిమాణం, బి కొలతల నుంచి తీసే స్థిరాంకం. మొదటి బ్రాకెట్ వక్రాన్ని దించుతుంది. పై పొరలు నిండాక రెండోది దాన్ని మళ్లీ లేపుతుంది.

మెట్టుమెట్టు (సమాధానం)

మైనస్ గాఢతల సంగతి: నీరు రంధ్రాల్లో కదిలేది 5 ÷ 0.40 = గంటకు 12.5 మీటర్లు, అంటే సెకనుకు 3.47 మి.మీ. 5 సెకన్లలో 17 మి.మీ., మీ గడికి మూడింతలకు పైనే. మెట్టు 1.44 సెకన్లు పెట్టండి, నీరు సరిగ్గా ఒక గడి కదులుతుంది, కృత్రిమ విస్తరణ కూడా ఉండదు. ఇంకా చిన్నది పెడితే స్థిరంగానే ఉంటుంది కానీ ముందంచు అలుక్కుపోతుంది. "చిన్న మెట్టు ఎప్పుడూ మంచిదే" అనే నమ్మకం ఇక్కడ పనికిరాదు.

ఏ పద్ధతి వాడినా గంటకోసారి ఒక తనిఖీ: లోపలికి వచ్చిన ద్రవ్యం = బయటికి పోయింది + పొరలో నిలిచింది + రంధ్రాల నీటిలో ఉన్నది. ఒక శాతం తేడా ఉన్నా ముందు కోడ్ చూడండి, తర్వాతే ఫిట్టింగ్.

జల్లెడ (సమాధానం)

హెడ్ లాస్‌కు కోజెనీ–కార్మన్ సూత్రంలో (పోరాసిటీ, రేణువు సైజు నుంచి హెడ్ లాస్ ఇచ్చేది) పోరాసిటీ మాత్రమే మారుస్తున్నారనుకుంటాను. మొదటి 24 సెం.మీ. దానితో సరిపోతుంది. ఆ తర్వాత చూడండి: 6 గంటల్లో చదరపు మీటరుకు 0.6 కిలోలు వచ్చాయి, అందులో సుమారు 0.4 నిలిచింది అనుకుందాం. పొర ఘనపరిమాణంలో అది 0.06 శాతం. హెడ్ లాస్ ఒక శాతం కూడా పెరగదు. నిక్షేపంలో 90 శాతం నీరే అనుకున్నా 26 సెం.మీ. దగ్గర ఆగుతుంది.

41 రావడానికి కారణం ఘనపరిమాణం కాదు, ప్రవాహంలోకి పొడుచుకొచ్చిన కణాల గొలుసుల మీద పడే ఈడ్పు. ఓ'మీలియా, అలీ 1978లో చేసినట్టు ఆ అదనపు ఉపరితలాన్ని లెక్కలోకి తేవాలి. లేదా ప్రతి గడిలో ప్రవణతను (లోతుతో హెడ్ లాస్ పెరిగే రేటు) (1 + బీటా × సిగ్మా) తో గుణించి బీటాను కొలత నుంచి తీయండి. సిద్ధాంతపరంగా అందంగా ఉండదు గానీ పని జరుగుతుంది.

పొరలెక్క

రేణువు గారూ, సిగ్మా గరిష్ఠం బదులు అంటుకున్న కణాలు ఊడిపోవడాన్ని చూపే పదం (కె × సిగ్మా) పెట్టినా ఔట్‌లెట్ వక్రం దాదాపు అలాగే వస్తోంది. ఏది ఉంచాలి?

రేణువు

ఔట్‌లెట్ ఒక్కదాన్నిబట్టి తేల్చలేరండీ. 5, 15, 30 సెం.మీ. లోతుల్లో నమూనాలు తీయండి. ఇంకా సూటిగా తేలాలంటే 6వ గంట తర్వాత వేగం మార్చకుండా కణాలు లేని నీరు పంపండి. రంధ్రాల్లో పాత నీరు పోవడానికి 3 నిమిషాలు. విస్తరణకు కూడా కలిపి 10 నిమిషాలు ఆగి చూడండి. అప్పటికీ కణాలు వస్తూ ఉంటే ఊడిపోయే పదం ఉండాల్సిందే, తగ్గే తీరునుబట్టి కె వస్తుంది. గాఢత సున్నాకు పడితే ఆ పదం తీసేయండి.

ఆ నీటిలో ఉప్పు మాత్రం అంతే ఉండాలి. ఉప్పు తగ్గితే వికర్షణ తిరిగొచ్చి కణాలు ఊడతాయి, మీరు దాన్ని ప్రవాహం పీకిందనుకుంటారు.