అప్‌డేట్: జిగురు పట్టిన కార్బన్ స్టీల్ పెనం దారికి వచ్చింది

బేగంబజార్‌లో కొన్న కార్బన్ స్టీల్ పెనానికి గుడ్డు అతుక్కుపోతోందని, పైన జిగురు పేరుకుందని నెల క్రితం ఇక్కడ అడిగాను. తప్పు పెనానిది కాదు, నాదే. గుడ్డు అతుక్కోకుండా ముందు నూనె పట్టించి కాల్చమన్నారు కదా అని దీపపు కుందిలో పోసినట్టు పోశాను. ఎక్కువైన ఆ నూనే జిగురైంది.

మీరు చెప్పినట్టే పీచుతో గట్టిగా తోమి ఆ జిగురంతా వదలగొట్టాను. తడి ఆరేదాకా స్టవ్ మీద వేడిచేసి, అర చెంచా నూనె రాసి, అసలు రాయనే లేదన్నట్టు పొడిగుడ్డతో తుడిచేశాను. పొగ వచ్చి ఆగేదాకా కాల్చాను. ఇలా మూడుసార్లు. వెండిలా మెరిసిన లోహం ముందు గోధుమరంగుకు, తర్వాత నలుపుకు తిరిగింది. వంటిల్లంతా పొగ. అత్తయ్య దగ్గుతూ కిటికీ తెరిచి, "పెనానికి నలుగు పెడుతున్నావా అమ్మా?" అన్నారు.

ఇప్పుడు ఆమ్లెట్ అట్లకాడ తగలగానే జారుతోంది. రంగు మాత్రం మచ్చలు మచ్చలుగానే ఉంది. పట్టించుకోవడం మానేశాను.

మధ్యలో ఒక తెలివితక్కువ పని కూడా చేశాను. పచ్చడికని టమాటాలు, చింతపండు అందులోనే మగ్గించాను. పులుపు తగిలినంత మేర నలుపు ఊడి బూడిదరంగు తేలింది. మళ్లీ నూనె, మళ్లీ పొగ. పులుసులన్నీ ఇక స్టీలు గిన్నెలోనే.

ఒక వాన రాత్రి కడిగి తడిగా వదిలేస్తే తెల్లారేసరికి అంచున ఎర్రటి తుప్పు. అందుకే ఇప్పుడు కడగగానే స్టవ్ మీద ఆరబెట్టి, ఒక చుక్క నూనె తుడిచి పెడుతున్నాను.

ఇండక్షన్ స్టవ్ మీద ఈ పెనం పనిచేస్తుందా అని అడిగినవారికి: పనిచేస్తుంది. తక్కువ వేడితో మొదలుపెట్టండి, లేకపోతే అడుగు వంగిపోయే ప్రమాదం ఉంది.