నల్లగొండ గడియారం సెంటర్ చుట్టుపక్కల జేబుకు భారం కాని పాత బార్ ఏదైనా ఉందా?

నీలగిరి కొత్తోడు:
బదిలీ మీద వచ్చి రామగిరిలో రూము తీసుకున్నాను. సాయంత్రం ఆఫీసు అయ్యాక ఒక బీరో, ఒక తొంభయ్యో తాగి కాసేపు పక్క టేబుల్ వాళ్ల రాజకీయాలు వింటూ కూర్చునే చోటు కావాలి, అంతే. పెద్ద రోడ్ల మీద ఉన్నవి చూశాను, అన్నీ ఒకటే తీరు. నీలం లైట్లు, గోడంత టీవీ, ఏసీ సెక్షన్ అని వేరే మెనూ కార్డు, తాగినదాని కంటే తిన్నదానికి ఎక్కువ బిల్లు. గడియారం, ప్రకాశం బజార్ వైపు పాత మిద్దెలు, పాత దుకాణాలు ఇంకా నిలబడే ఉన్నాయి గదా, ఆ సందుల్లో ఎప్పటి నుంచో నడుస్తున్న బార్ ఒక్కటైనా ఉండదా? అప్పుడప్పుడు మహబూబ్‌నగర్ కూడా వెళ్తుంటాను, అక్కడివైనా చెప్పండి. పేరు కంటే ఎలా వెతకాలో చెప్పినా చాలు.

పానగల్లు పోరడు:
పేరు నేను చెప్పను అన్నా, చెప్తే వారంలో రీల్స్ తీసేవాళ్లు దిగుతారు, ఆ తర్వాత పల్లీల ప్లేటుకు కూడా రేటు కడతారు. కానీ వెతికే ముందు ఒక సంగతి తెలుసుకో. వైన్స్ వేరు, బార్ వేరు. వైన్స్ లైసెన్సులు రెండేళ్లకోసారి లాటరీ తీసి ఇస్తారు. రాష్ట్రం మొత్తం మీద 2,620 దుకాణాలు, 2023లో దరఖాస్తుకే 2 లక్షలు, 2025లో 3 లక్షలు, డ్రాలో పేరు రాకపోతే ఆ డబ్బు తిరిగి రాదు. అంటే నువ్వు ఈ రోజు చూసే వైన్స్ ఓనరు రెండేళ్ల తర్వాత ఉంటాడో లేదో వాడికే తెలియదు. అలాంటోడు కుర్చీ విరిగినా బాగు చేయించడు, వైన్స్ పక్కనే కూర్చుని తాగే పర్మిట్ రూముకు సున్నం కొట్టించడు, వచ్చినవాళ్ల పేర్లు ఎందుకు గుర్తుపెట్టుకుంటాడు చెప్పు. బార్ లైసెన్సు అలా కాదు, ఫీజు కట్టి రెన్యువల్ చేసుకుంటూ పోతారు, కాబట్టి ఒకే కుటుంబం చేతిలో చాలా ఏళ్లు ఉండే అవకాశం ఉంది. నీకు కావలసిన పాత వాసన బార్లోనే దొరుకుతుంది, పర్మిట్ రూములో కాదు.

ఇంక మరీ పాతది, తాతల కాలంనాటిది అని ఆశ పెట్టుకోకు. 1995 జనవరిలో ఎన్టీఆర్ మద్యనిషేధం పెట్టినప్పుడు ఉన్నవన్నీ మూతపడ్డాయి, 1997లో చంద్రబాబు ఎత్తేశాకే మళ్లీ తెరుచుకున్నాయి. మధ్యలో గొడుగుల దుకాణాలుగా, చెప్పుల షాపులుగా మారినవి కొన్ని అట్లనే ఉండిపోయి ఉంటాయి.

గుర్తుపట్టడం ఎట్లంటే, బయట బోర్డు మీద రంగు వెలిసిపోయి ఉండాలి, మెట్లు ఇరుకుగా పైకి పోవాలి, కౌంటర్ వెనక ఒక ముసలాయన లెక్క కాగితం మీద రాస్తుండాలి. మధ్యాహ్నం మూడింటికి వెళ్లి చూడు. ఆ టైంలో ఒక్కొక్కరే వచ్చి ఒక్కో టేబుల్ దగ్గర పేపర్ చదువుతూ కూర్చుంటే అదే నీ బార్. మూడింటికి ఖాళీగా ఉండి రాత్రి తొమ్మిదికి కిక్కిరిసిపోయేది నీకు పనికిరాదు.

సాదాసీదా:
ఎందుకన్నా ఇదంతా? వైన్స్‌లో ఎమ్మార్పీకి క్వార్టర్ తీసుకో, రూముకు పో, తాగు, పడుకో. బార్లో అదే సీసాకు వాడికి నచ్చినంత వేస్తాడు. 2025 ఫిబ్రవరిలో బీరుకు 15 శాతం పెంచినప్పటి నుంచి నేను బార్ మెట్లు ఎక్కడం మానేశా.

నీలగిరి కొత్తోడు:
రూములో ఒక్కడినే తాగితే అది అలవాటైపోతుందన్న భయం నాకు, అందుకే మనుషులున్న చోటు అడుగుతున్నా.

పాలమూరు కాక:
మహబూబ్‌నగర్ సంగతి నేను చెప్తా తమ్మీ. నిజాం మహబూబ్ అలీఖాన్ పేరు మీద 1890లో ఈ పేరు పెట్టారు గానీ మాకు ఇప్పటికీ పాలమూరే. క్లాక్ టవర్, మార్కెట్ దగ్గర సందులు, అక్కడి నుంచి స్టేషన్ రోడ్డు, ఇవి తిరుగు. న్యూటౌన్, మెట్టుగడ్డ వైపు పోకు, అక్కడ నువ్వు వద్దన్న నీలం లైట్లే. మార్కెట్ పక్కన బార్లకు వచ్చేది హమాలీలు, లారీ డ్రైవర్లు, దుకాణాల గుమాస్తాలు, రోజూ వచ్చేవాళ్లు కాబట్టి అక్కడ రేటు పెంచితే మరుసటి రోజే టేబుళ్లు ఖాళీ అవుతాయి, ఓనరుకు ఆ భయం ఉంటుంది. చవక ఎక్కడుందో తెలుసుకోవడానికి అంతకంటే మంచి లెక్క లేదు.

తిండి మాత్రం లోపల ఆర్డర్ చేయకు. చికెన్ సిక్స్టీఫైవ్ అని ఎర్రరంగు కలిపి తెస్తారు. బయట సాయంత్రం బండ్ల మీద జొన్నరొట్టెలు కాలుస్తుంటారు, వేడి రొట్టెలోకి కారం, పక్కన బోటి గానీ తలకాయ కూర గానీ దొరికితే ఆ రోజు నీ అదృష్టం. పాత బార్లలో సర్వర్‌ను మంచిగా అడిగి, పది ఇరవై చేతిలో పెడితే బయటిది లోపలికి తెచ్చుకోనిస్తాడు. అడక్కుండా పొట్లం విప్పితే మాత్రం గొడవ. ఇంకోటి, మొదటి రోజే ఓనరుతో పరిచయం పెంచుకోవాలని చూడకు, ఆబ్కారీ మనిషి వచ్చాడనుకుంటారు.

రాత్రికి బండి మీద నల్లగొండ తిరిగిపోవాలని అనుకోకు. రక్తంలో 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములు దాటితే కేసే, ఒక పెద్ద బీరుతోనే దాటేవాళ్లు ఉంటారు.

మోకు ముత్తాదు:
అందరూ సీసాల గురించే మాట్లాడుతున్నారు. నల్లగొండ జిల్లాలో ఉండి బార్ కోసం వెతకడం ఏంది భయ్యా? నువ్వు చెప్పిన మనుషులు, మాటలు, చవక, ఇవన్నీ ఉన్నది తాటివనంలో. ఊరు దాటి ఏ దిక్కుకు పోయినా గీసే గౌడన్నలు ఉంటారు. చలికాలంలో ఈతకల్లు, సంక్రాంతి దాటి ఎండలు ముదిరేకొద్దీ తాటికల్లు. పొద్దున చెట్టు మీద నుంచి లొట్టి, అంటే కల్లు కుండ, దిగగానే తియ్యగా ఉంటుంది, ఎండ ఎక్కేకొద్దీ పులుస్తుంది. తాటాకు రేక పట్టుకుని కూర్చుంటే గౌడన్న పైనుంచి పోస్తుంటాడు, పక్కన సర్పంచ్ ఉన్నా సరే, పశువులు కాసే తాత ఉన్నా సరే, అక్కడ అందరిదీ ఒకటే మట్టి.

కానీ టౌన్‌లో కాంపౌండ్ కల్లు, అంటే కల్లు దుకాణంలో సీసాల్లో అమ్మేది, దాంతో జాగ్రత్త. చెట్లు తక్కువ, తాగేవాళ్లు ఎక్కువ అయినచోట ఆ సీసాలన్నీ ఎట్లా నిండుతాయో ఆలోచించు. క్లోరల్ హైడ్రేట్, డైజోపామ్, అల్ప్రాజోలం లాంటి మత్తు మందులు కలుపుతారు, తీపికి శాకరిన్. 2025 జులైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి మనుషులు చనిపోయారు. దానికి అలవాటు పడినవాళ్లకు ఒక్కసారిగా మానిపిస్తే మెడలు వంకర పోవడం, ఫిట్స్ రావడం, పిచ్చిపిచ్చిగా మాట్లాడడం, ఇవన్నీ పాలమూరు జనానికి తెలియనివి కావు. పొద్దున్నుంచి రాత్రి దాకా ఒకటే రుచి ఉన్న కల్లును నమ్మకు. అసలు కల్లు పులిసి తీరుతుంది. చెట్టు కనపడాలి, గీసిన మనిషి కనపడాలి, అప్పుడే నోట్లో పెట్టు.

దేవరకొండ రోడ్డు:
ఆడవాళ్లు కూర్చునే చోటు గురించి ఒక్కరూ రాయలేదేం? బార్లో ఫ్యామిలీ సెక్షన్ అంటారు, కర్టెన్ వేసిన గది, రేటు ఎక్కువ, సర్వర్ తలుపు సందులోంచి చూస్తుంటాడు. మా అమ్మమ్మ నాట్లు వేసి వచ్చి గడప ముందు కూర్చుని కల్లు తాగేది, ఊళ్లో ఎవరూ ఒక్క మాట అనలేదు. ఇప్పుడు నేను టౌన్‌లో బీరు తాగాలంటే మొగుడు పక్కన ఉండాలా? మోకు అన్న చెప్పిన వనమే నయం, కనీసం పెద్దమ్మలు ఇద్దరైనా కనపడతారు.

పానగల్లు పోరడు:
అక్కా మీరన్నది నిజం. నాకు తెలిసిన పాత బార్లలో ఒక్కదాంట్లోనూ ఆడవాళ్లు ధైర్యంగా కూర్చునే టేబుల్ లేదు, బాత్రూమ్ సంగతి అయితే ఇక చెప్పొద్దు.

నీలగిరి కొత్తోడు:
అందరికీ థాంక్స్. రేపు శనివారం మూడింటికి ప్రకాశం బజార్ సందులు తిరుగుతా. ఆదివారం పొద్దున వనానికి. మోకు అన్నా, ఎన్నింటికి పోతే బాగుంటుంది?

మోకు ముత్తాదు:
ఏడు లోపే. ఖాళీ కడుపుతో రాకు, ఉడకబెట్టిన గుడ్లు, శెనగ గుడాలు తెచ్చుకో, చిల్లర కూడా. అక్టోబర్ 2 లాంటి రోజు మాత్రం చూసుకో. 2025లో దసరా, గాంధీ జయంతి ఒకే రోజు పడి దుకాణాలు బంద్, ముందు రోజు వైన్స్ ముందు లైన్లు చూడాలి నువ్వు.