వంటసోడా, ఫాయిల్ పద్ధతిలో కొన్ని వెండి చెంచాలే తెల్లబడ్డాయి, ఎందుకు?

ప్రశ్న:
గిన్నెలో అల్యూమినియం ఫాయిల్ పరిచి, వేడినీళ్లు, వంటసోడా పోసి నాలుగు నల్లబడ్డ వెండి చెంచాలు వేశాను. రెండు చూస్తుండగానే తెల్లబడ్డాయి. మిగతా రెండూ అలాగే ఉన్నాయి. పైగా కుళ్లిన గుడ్డు వాసన. సోడా చాల్లేదా? దీనివల్ల వెండి తరుగు పోతుందా?

జవాబు 1:
సోడా తక్కువై కాదండీ. ఆ రెండు చెంచాలూ ఫాయిల్‌కి తగిలి ఉండవు. మీ గిన్నెలో నడుస్తున్నది ఒక చిన్న బ్యాటరీ. వెండి మీది నలుపు సిల్వర్ సల్ఫైడ్, అంటే వెండీ గంధకమూ కలిసిన పదార్థం. గాలిలో ఉండే కొద్దిపాటి హైడ్రోజన్ సల్ఫైడ్‌తో వెండి కలిస్తే ఏర్పడుతుంది. అల్యూమినియం తన ఎలక్ట్రాన్లను వదులుతుంది, అవి సల్ఫైడ్‌లోని వెండికి చేరితే అది మళ్లీ లోహంగా మారుతుంది. ఎలక్ట్రాన్లు నీళ్లలో ఈదుకుంటూ పోవు, లోహానికి లోహం ఆనాల్సిందే. ఫాయిల్‌ని ఆనుకున్న చెంచాకి ఇంకో చెంచా తగిలినా చాలు. చూడాలనుంటే ఒక చెంచా ఫాయిల్ మీద, ఇంకోటి అదే నీళ్లలో గాజు గ్లాసులో నిలబెట్టండి. రెండోది నల్లగానే ఉంటుంది.

కొలత: లీటరు నీళ్లకి నాలుగు టేబుల్ స్పూన్ల సోడా, ఒక చెంచా ఉప్పు. గిన్నె స్టీలుదో గాజుదో అయి ఉండాలి. నీళ్లు మరిగాక పొయ్యి కట్టేసి, సోడా కొంచెం కొంచెంగా వేయండి. ఒక్కసారిగా గుమ్మరిస్తే కార్బన్ డయాక్సైడ్ పొంగి గిన్నె బయట పడుతుంది. అల్యూమినియం మీద కంటికి కనపడని ఆక్సైడ్ పొర ఉంటుంది, సోడా క్షారం దాన్ని కరిగిస్తుంది. నీళ్లు చల్లారితే పని మందగిస్తుంది. ఫాయిల్ మసకబారితే కొత్తది వేయండి. మెరిసే వైపు పైకా కిందకా అన్నది లెక్కలోకి రాదు.

జవాబు 2:
వాసన హైడ్రోజన్ సల్ఫైడే. వెండిని వదిలిన గంధకం కొంత ఇలా బయటికొస్తుంది. మన ముక్కు దీన్ని అతి తక్కువ మోతాదులోనే పట్టేస్తుంది. నాలుగు చెంచాలకి భయం లేదు, కిటికీ తెరిస్తే చాలు.

తరుగు సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి. ఆ నల్లపొర బరువులో 87 శాతం వెండే. పొడితో రుద్దితే అదంతా గుడ్డకి అంటుకుని పోతుంది. ఈ పద్ధతిలో వెండి చెంచా మీదే ఉండిపోతుంది, గంధకం ఒక్కటే పోతుంది. నగిషీలు అరగకుండా ఉండాలంటే ఇదే మేలు.

ప్రశ్న అడిగినవారు:
ఫాయిల్‌కి తగిలేలా పెడితే అన్నీ తెల్లబడ్డాయి, ధన్యవాదాలు. కానీ పాలిపోయినట్టున్నాయి, మెరుపు లేదు.

జవాబు 3:
తిరిగొచ్చిన వెండి సన్నని రంధ్రాలతో గరుకుగా ఉంటుంది, కాంతి చెదిరిపోతుంది. మంచినీళ్లతో బాగా కడిగి, పూర్తిగా ఆరాక మెత్తని నూలు గుడ్డతో తేలిగ్గా రుద్దండి.

ముత్యాలు, అతికించిన రాళ్లు ఉన్న వస్తువులు ఇందులో వేయకండి, వేడికి జిగురు వదులుతుంది, క్షారం ముత్యాన్ని పాడుచేస్తుంది. నగిషీ కనపడటానికి కావాలని నల్లచేసిన డిజైన్లైతే ఆ నలుపూ పోతుంది. భద్రపరిచేటప్పుడు రబ్బరు బ్యాండు వేయొద్దు. అందులోని గంధకం, బ్యాండు తగిలిన చోట సరిగ్గా గీతలా నల్లబరుస్తుంది. గాలి చొరబడని జిప్ కవరులో పెట్టండి.