అప్‌డేట్: మా కలగలుపు పిల్లల్లో పుంజులేవో తేలిపోయింది

మా కోడిపిల్లల్లో పుంజులేవి, పెట్టలేవి, తండ్రి ఎవరు అని ఇంతకుముందు అడిగాను కదా. మా పుంజులు రెండు, రెండు జాతులవి: రోడ్ ఐలాండ్ రెడ్, బ్రహ్మ. పెట్టల్లో ఒకటి చారల ప్లిమత్ రాక్ జాతిది, ఇంకోటి ఒట్టి నల్లది. గుడ్లన్నీ కలిపే పొదిగించాను. ఇప్పుడు మూడో నెల నిండింది.

నెత్తిన తెల్ల మచ్చతో పుట్టిన నల్ల పిల్లలన్నీ పుంజులే! ఆ మచ్చ కూడా గుండ్రంగా ఉండదు, సున్నం చిలకరించినట్టు అంచులు చెదిరి ఉంటుంది. ఆ మచ్చ తెచ్చే చారల జన్యువు లింగ క్రోమోజోమ్ మీద ఉంటుంది, తల్లి దాన్ని కొడుకులకే ఇస్తుంది. తండ్రికీ చారలుంటే కూతుళ్లకూ అది వస్తుంది, అందుకే తండ్రికి చారలు లేకపోతేనే ఈ లెక్క కుదురుతుంది.

మచ్చ లేనివే నా తల తిన్నాయి. అవి ప్లిమత్ రాక్ కూతుళ్లు కావచ్చు, నల్లదానికి పుట్టిన పుంజో పెట్టో కావచ్చు. రెక్క ఈకల పొడవు చూడమని కొందరన్నారు గానీ, అది అందుకోసమే జతకట్టించిన రకాల్లో తప్ప పనిచేయదు, వదిలేశాను. ఐదారు వారాలకే కొన్నింటి తురాయి ఎర్రబడింది. ఇప్పుడు వాటికే నడుము మీద మొనదేలిన, మెరిసే ఈకలు వచ్చి కిందికి వేలాడుతున్నాయి. పెట్టలకు అక్కడ ఈక కొస గుండ్రం.

తండ్రి సంగతి తేలికే. కాళ్లకు ఈకలుంటే బ్రహ్మ, నున్నగా ఉంటే రెడ్. ఒకదానికి మాత్రం కాలి మీద రెండు మూడు ఈకలే ఉన్నాయి, కానీ తురాయి బ్రహ్మకు ఉన్నట్టే మూడు వరసలుగా అణిగి ఉంది. బ్రహ్మ ఖాతాలోనే వేశాను.

డీఎన్‌ఏ టెస్ట్ అవసరం పడలేదు, పుంజులు కూత కూడా మొదలుపెట్టాయి.